లొంగిపోయినవాడు

దీపావళికి ఇంటికొస్తానన్న మాట కూడా తప్పేసరికి నాగవంశీ ఫోన్లో తారీఖులు చెప్పడం మానేశాడు. జూన్ నెలాఖరున వైజాగ్ రేవు విడిచిన వాళ్ళ యుద్ధనౌక వినాయక చవితికల్లా తిరిగి రావాలి. ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగలు మళ్ళీ చెలరేగుతున్నారని ఒకసారి, బదులు రావలసిన నౌక మరమ్మతుల్లో ఉందని ఇంకోసారి గడువు పెంచారు. చవితి నీళ్ళ మీదే పోయింది. దసరా నీళ్ళ మీదే పోయింది. మల్కాపురంలో ఉన్న అతని భార్య ఇంద్రజ మొదట్లో "ఎప్పుడొస్తారు" అని అడిగేది. ఇప్పుడు "తిన్నారా" అని మాత్రమే అడుగుతోంది. పది రోజులకోసారి దొరికే అయిదు నిమిషాల ఫోన్లో అంతకన్నా పట్టే మాటలూ లేవు.

అతనికి నౌకలో ఇల్లంటూ ఏదైనా ఉందంటే అది గోపి. గోపిది గాజువాక. తండ్రి గురునాథరావు బొబ్బిలి పక్క పల్లెలో సాగు వదిలేసి స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టు పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నాగవంశీ తండ్రి భీమశంకరరావు అమలాపురం వైపు నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కొడుకులిద్దరూ ఒకే ఏడాది నౌకాదళంలో చేరారు, ఒకే గదిలో పైన ఒకడు కింద ఒకడు పడుకుంటారు. నాగవంశీ ఫోన్లో తండ్రిని "ఏమండీ, తిన్నారా అండీ" అంటుంటే గోపి పై మంచం మీంచి వేళాకోళం చేసేవాడు. వరసేమీ లేకపోయినా "బావా" అనే పిలిచేవాడు.

దీపావళి ముందురోజు సాయంత్రం డెక్కు మీద చిన్న రంగు బల్బుల తోరణాలు కట్టారు. కింద ఇంధనం, మందుగుండు ఉన్న నౌకలో అగ్గిపుల్ల గీయడానికి కూడా వీల్లేదు. వంటవాళ్ళు గులాబ్ జామూన్ చేశారు. గోపి నేల తుడిచే కర్రకు పసుపు గుడ్డ ముక్కలు కట్టి, వెలిగించకుండానే, డెక్కు మీద దబదబా కొట్టాడు. పంజాబు వాళ్ళూ బెంగాలు వాళ్ళూ చుట్టూ చేరి ఇదేం పండగరా అని నవ్వారు. తమ వైపు పిల్లలు గోగు కర్రలకు నూనె గుడ్డలు కట్టి, వెలిగించి, గుమ్మం ముందు నేలకు కొట్టి, కాళ్ళు కడుక్కుని, తీపి తిన్నాకే టపాసులు ముట్టుకుంటారని నాగవంశీ వాళ్ళకు హిందీలో వివరించాడు. ఆ తర్వాత గోపికి ఫోను వంతు వచ్చింది. నాలుగేళ్ళ కూతురు ధనశ్రీ తండ్రి లేకుండా కర్ర కొట్టనని మొండికేసిందట. అయిదు నిమిషాల్లో నాలుగు దాన్ని బతిమాలడానికే సరిపోయాయి. మిగిలిన నిమిషంలో భార్య సత్యశ్రీతో ఏం మాట్లాడాడో గాని ఫోను పెట్టేశాక చాలాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

పండగ రోజు ఉదయం ఆరు గంటలకు మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. గుజరాత్ వాళ్ళ సరుకు ఓడ ఒకదాన్ని రెండు రోజుల కిందట దొంగలు పట్టుకున్నారు. పాతకాలపు చెక్క ఓడ, ఉల్లిపాయలూ బియ్యమూ మోస్తోంది, లోపల పదకొండు మంది కచ్ఛీ నావికులు బందీలుగా ఉన్నారు. హెలికాప్టర్‌లో వెళ్ళినవాళ్ళు ఓడ చుట్టూ తిరిగి తుపాకులున్నవాళ్ళు నలుగురు కనిపించారని చెప్పారు.

మూడు గంటల పాటు ఆగమని హెచ్చరించారు. ఓడ ఆగలేదు. ముందు నీళ్ళలోకి పేల్చారు. ఆగలేదు. చివరికి ఓడ వెనక భాగం మీద పేల్చి చుక్కాని విరగ్గొట్టారు. చెక్కలు చీలి గాల్లోకి లేచాయి. ఓడ ఒక పక్కకు తిరిగి, పొగ కక్కుతూ నిలిచిపోయింది. ఇద్దరు మనుషులు ముందు భాగానికి వచ్చి తుపాకులు సముద్రంలో విసిరేసి, చేతులు తల మీద పెట్టుకుని కూర్చున్నారు. మిగతా ఇద్దరి జాడ లేదు.

ఎనిమిది మంది స్పీడ్‌బోట్లో బయల్దేరారు. నాయకుడు లెఫ్టినెంట్ రాఠోడ్. నిచ్చెన ఎక్కడంలో ఎప్పుడూ గోపి మొదట, నాగవంశీ రెండు. శిక్షణలో ఆ వరస పడింది, అలాగే ఉండిపోయింది. ఓడ పక్కకు చేరాక గోపి వెనక్కి తిరిగి అన్నాడు.

"బావా, ఉల్లిపాయల కంపు. మా అమ్మ వంటింట్లోకి ఎల్తన్నట్టుంది."

రెండు అంగల్లో ఎక్కేశాడు. నాగవంశీ తల అంచు దాటేసరికి గోపి డెక్కు మీద ఒక మోకాలు మోపి లేస్తున్నాడు. చుక్కాని గది చెక్క గోడ లోపలి నుంచి ఎవడో పేల్చాడు. గోడలో అయిదారు చిల్లులు వరసగా పడ్డాయి. జాకెట్టుకూ హెల్మెట్టుకూ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పున ఉండే మెడలో తగిలింది గోపికి. అతను వెనక్కి పడలేదు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టినట్టు నెమ్మదిగా కూర్చున్నాడు. రక్తం మాత్రం నెమ్మదిగా రాలేదు. పక్కనున్న ఉల్లిబస్తాల మీద చిమ్మింది, నాగవంశీ ముఖం మీద చిమ్మింది.

నాగవంశీ అంచు దాటి దూకాడు. చిల్లులు పడిన చోటే, గోడలోంచే పేలుస్తూ ముందుకు పరిగెత్తాడు. తలుపు తన్నాడు. లోపల ఒకడు చుక్కాని చక్రానికి వీపు ఆనించి పడి ఉన్నాడు. కడుపు చీలిపోయింది. అయినా తుపాకీ ఎత్తబోయాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం నుంచి నాగవంశీ రెండుసార్లు కాల్చాడు. వాడి తల చక్రం చువ్వల మధ్యకు వాలిపోయింది. అక్కడితో గోపిని కాల్చినవాడి సంగతి ముగిసింది.

అతను బయటికి వచ్చేసరికి ఇంజను గదిలోకి దిగే కన్నం మూత పైకి లేచింది. మొదట ఒక తుపాకీ వచ్చింది. దాన్ని గొట్టం వైపు పట్టుకుని ఉన్న చెయ్యి దాన్ని డెక్కు మీదకు, దూరంగా విసిరేసింది. తర్వాత ఖాళీ చేతులు రెండు వచ్చాయి, వేళ్ళు విప్పి. వాటి మధ్య నెరిసిన గడ్డం ఉన్న ముఖం.

నాగవంశీ ఆ చేతులు చూశాడు. తర్వాత తనకు తాను ఎన్ని విధాలుగా సర్దిచెప్పుకున్నా, చూడలేదని మాత్రం ఎన్నడూ అనుకోలేకపోయాడు. చూసి, ఆ మనిషి జుట్టు పట్టుకుని కన్నంలోంచి నడుము దాకా పైకి లాగి, రైఫిల్ మడమతో ముఖం మీద కొట్టాడు. మొదటి దెబ్బకు పళ్ళు రాలాయి. రెండో దెబ్బకు తడి కర్ర విరిగిన చప్పుడైంది, దవడ ఒక పక్కకు జారింది. మూడో దెబ్బ కంటి కింద పడింది. ఆ మనిషి చేతులు ఇంకా పైకే ఉన్నాయి. అడ్డుపెట్టుకోవాలని కూడా తోచనట్టు, అలాగే గాల్లో వణుకుతున్నాయి.

నాలుగో దెబ్బకు రైఫిల్ ఎత్తేసరికి కన్నంలోంచి ఒక ముసలివాడు పాక్కుంటూ వచ్చి ఆ మనిషి మీద బోర్లా పడ్డాడు. దెబ్బ అతని భుజం మీద పడింది. అతను ఆ ఓడ వంటవాడు, జుసబ్. కాళ్ళకు ఇంకా తాడు ముక్క వేలాడుతోంది. వీడు కాదు సాబ్, వీడు కాదు, మమ్మల్ని విప్పింది వీడే అని హిందీలో అరుస్తున్నాడు. నాగవంశీ అతన్ని కూడా కాలితో నెట్టాడు. రాఠోడ్ అవతలి వైపు నుంచి పరిగెత్తుకొచ్చి రైఫిల్ పట్టుకోబట్టి ఆగాడు.

వీడికేమైందని రాఠోడ్ అడిగాడు. పెనుగులాటలో కన్నంలో పడ్డాడు సార్ అని నాగవంశీ చెప్పాడు. చెబుతూనే గోపి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గోపి మెడ మీద ఇద్దరు చేతులతో అదిమి పట్టారు. వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని గొంతు లేదు. స్పీడ్‌బోట్లోకి దించుతుంటే గోపి చెయ్యి నాగవంశీ నడుం బెల్టు పట్టుకుంది. నౌకకు సగం దూరంలో ఉండగా ఆ కళ్ళలో ఏదో ఆగిపోయింది. పైకి చేర్చాక డాక్టరు ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా బెల్టు మీంచి విప్పాల్సి వచ్చింది. డెక్కు మీద ముందురోజు కట్టిన బల్బుల తోరణాలు పట్టపగలు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరో వెళ్ళి స్విచ్చి ఆపారు.

మర్నాడు గోపి శవపేటిక హెలికాప్టర్ ఎక్కింది. దగ్గరలోని రేవుకు, అక్కడి నుంచి విమానంలో వైజాగ్‌కు వెళ్ళింది. నాగవంశీ తానూ వెంట వెళ్తానని అడిగాడు. కుదరదన్నారు. గాజువాకలో తుపాకులు గాల్లోకి పేల్చి, గౌరవ వందనం చేసి దహనం చేశారని తర్వాత ఇంద్రజ చెప్పింది.

పట్టుబడ్డ ముగ్గురినీ బొంబాయిలో అప్పగించాలి. ఆరు రోజుల ప్రయాణం. వాళ్ళను హెలికాప్టర్ షెడ్డులో ఉంచి, మనుషులు తక్కువగా ఉన్నారు గనక నాగవంశీకి కూడా పొద్దుటి పూట కాపలా వేశారు. నెరిసిన గడ్డం మనిషి పేరు అబ్ది. డాక్టరు అతని దవడకు తీగ వేసి కట్టాడు. గంజి గొట్టంతో పీల్చుకోవాలి. మొదటిరోజు నాగవంశీ గంజి గ్లాసు పట్టుకుని దగ్గరికి వెళ్ళేసరికి అబ్ది సంకెళ్ళతోనే వెనక్కి వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అతని కింద నేల తడిసింది.

నాగవంశీ గ్లాసు కింద పెట్టేసి బయటికొచ్చాడు. ఆ రోజు నుంచి జుసబ్ తాగించాడు. పాడైన ఓడను వదిలేసి కచ్ఛీ నావికులంతా యుద్ధనౌకలోనే వస్తున్నారు. జుసబ్ కుడి భుజం నల్లగా కమిలి ఉంది, ఎడమ చేత్తోనే గ్లాసు పట్టుకునేవాడు. మూడోరోజు, గంజి పట్టడం అయ్యాక అతను నాగవంశీ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. బందీలను కర్రలతో కొట్టినవాళ్ళు వేరే. నావికుల్లో ఒకడి చెవి కోసినవాడు నువ్వు చంపినవాడే. ఈ అబ్ది చేపలు పట్టుకునేవాడట, వాళ్ళ పడవ నడపడానికి వచ్చాడు. అతనూ దొంగతనానికే వచ్చాడు, కాదనను. కాని దాచిపెట్టి నీళ్ళిచ్చాడు. పండగ రోజు పొద్దున్న తాళం తీసి, తాళ్ళు విప్పి, కాల్పులు ఆగేదాకా లేవకండని సైగ చేశాడు.

నాగవంశీ తన స్నేహితుడు చచ్చిపోయాడన్నాడు. చంపినవాణ్ణి నువ్వు చంపేశావు గదా, మరి వీణ్ణి దేనికి కొట్టావని జుసబ్ అడిగాడు. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నాగవంశీ ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి లేచాడు.

నాగుల చవితి నాడు ఇంటికి ఫోను చేస్తే భీమశంకరరావు అందుకున్నాడు. టీవీలో చూపించారని, కాలనీలో అందరూ వచ్చి చేతులు పట్టుకుంటున్నారని చెప్పాడు. నౌకలో ఎవడో ఇంటికి చెప్పిన ముక్క వాట్సాప్‌లో చేతులు మారి మల్కాపురం, గాజువాక అంతా తిరిగింది. స్నేహితుణ్ణి చంపినవాడి దవడ వంశీ వట్టి చేతులతో పగలగొట్టాడట. "నీకు మెడల్ ఇస్తారంటున్నారురా" అన్నాడు తండ్రి. చెప్పకపోతే ఆ కథ ఇంకా గట్టిపడుతుందని తెలిసీ నాగవంశీ దాన్ని సరిదిద్దలేదు.

బొంబాయిలో దర్యాప్తు అధికారి అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. కన్నంలో పడ్డాడు. ఆ అధికారి కాగితాల్లోంచి తలెత్తి, వంటవాడు వేరేలా చెబుతున్నాడే అన్నాడు. వచ్చే నెల వైజాగ్‌లో ప్రమాణం మీద వాంగ్మూలం తీసుకుంటామని, ఈలోగా బాగా గుర్తు తెచ్చుకోమని చెప్పి పంపేశాడు.

నౌక వైజాగ్ చేరిన రోజు రేవులో బ్యాండు మోగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి లోపలికి వస్తుంటే ఒడ్డున పిల్లలు జెండాలు ఊపారు. ఇంద్రజ అతని చేయి పట్టుకుని వదల్లేదు. భీమశంకరరావు బంధువులకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇంట్లో రెండు రోజులు నాగవంశీ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మూడోరోజు అమావాస్య, గోపి నెల మాసికం. గురునాథరావు స్వయంగా ఫోను చేసి రమ్మన్నాడు. ఇంద్రజ తానూ వస్తానంది. వద్దని ఒక్కడే షేర్ ఆటో ఎక్కాడు.

గాజువాకలో ఆ ఇంటి వరండాలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఊరి నుంచి వచ్చిన అన్నదమ్ములు, స్టీల్‌ప్లాంట్ స్నేహితులు. గోపి ఫొటోకు దండ వేసి ఉంది. తల్లి రామలక్ష్మమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. సత్యశ్రీ లోపల ఆకులు తుడుస్తోంది. గురునాథరావు నాగవంశీని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అందరి మధ్యా పీట వేయించాడు. నెల్లాళ్ళలో ఆయన భుజాలు కుంగిపోయాయి. కళ్ళు మాత్రం నాగవంశీని చూడగానే వెలిగాయి.

"ఇదిగో, మావోడి పక్కనున్నోడు ఇతనే," అన్నాడు. "సెప్పు బాబూ. ఆ నా కొడుకుని ఏటి సేసేవో నీ నోటితో సెప్పు. ఈళ్ళందరూ ఇనాలి."

"గోపిని కాల్చినోణ్ణి నాను కాల్చేసేను మావయ్యా. అక్కడికక్కడే పోయేడు."

"అది కాదు. దవడ ఇరగ్గొట్టేవు గదా, అది సెప్పు."

నాగవంశీ అవునంటే చాలు. ఒక్క మాట. ముసలాయన ముఖం ఆ మాట కోసం ఎలా ఎదురు చూస్తోందో అతనికి కనబడుతూనే ఉంది.

"ఆడు వేరేవోడు మావయ్యా," అన్నాడు. "తుపాకీ ఇసిరేసి సేతులు పైకెత్తేడు. లొంగిపోయేడు. గోపిని ఆడేటీ సెయ్యలేదు. అది నాను సూసేను. సూసే కొట్టేను."

గురునాథరావు దండ వేసిన ఫొటో వైపు తిరిగాడు.

"నెల్లాళ్ళ నుంచి నాకు రెండు మెతుకులు దిగేయంటే ఆ దవడ ఇరిగిందన్న మాట మీదే దిగేయి," అన్నాడు నెమ్మదిగా. "అది కూడా పట్టుకుపోడానికొచ్చేవేటి?"

పక్కనే ఉన్న ఖాళీ పీట ఎత్తాడు. ఇనుము మోసిన చేతులవి. పీట అంచు నాగవంశీ కనుబొమ మీద పడింది. చర్మం చిట్లి కంట్లోకి రక్తం దిగింది. రెండో దెబ్బ చెవి పక్కన తగిలింది. నాగవంశీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ఎత్తలేదు. మూడోసారి పీట లేస్తుంటే బంధువులు పెద్దాయన్ని పట్టుకున్నారు. ఆయన తమ్ముడి కొడుకొకడు నాగవంశీ కాలరు పట్టి లేపి, కడుపులో గుద్ది, మెట్ల మీంచి కిందికి నెట్టాడు. బతికొచ్చి మమ్మల్ని ఇలా చంపడానికి నీకు సిగ్గులేదా అని అరిచాడు. మెట్ల కింద వాంతి చేసుకుంటుంటే పైనుంచి రామలక్ష్మమ్మ ఏడుపు వినిపించింది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

అతను గేటు పట్టుకుని నిలదొక్కుకుంటుండగా సత్యశ్రీ వచ్చింది. చేతిలో తడిపిన తువ్వాలు ఉంది. ఇచ్చింది గాని దగ్గరికి రాలేదు.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను. మా ఆయన్ని కాల్చినోడు నిజంగా సచ్చిపోయేడా?"

"పోయేడమ్మా. నా సేతుల్లోనే."

"మరి రెండోవోణ్ణి ఎందుకు కొట్టేవు?"

నాగవంశీ తువ్వాలు నుదుటికి అదిమి పట్టుకున్నాడు. జుసబ్ కూడా ఇదే అడిగాడు.

"సేతికి దొరికేడు గనక కొట్టేను," అన్నాడు చివరికి.

ఆమె రోడ్డు వైపు చూసింది. సిటీ బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"కాయితం రాయించుకుంటారంటన్నారు గదా. అందులో నిజం రాత్తావేటి?"

"రాద్దామనే అనుకుంతన్నాను."

"అయితే మా ఆయన కోసం కొట్టేనని రాయకు. ఆయన సచ్చిపోయేక జరిగినదానికి ఆయన్ని కారణం సెయ్యకు. రేపు నా కూతురు సదువుకుని ఆ కాయితం సూత్తాది."

తువ్వాలు తిరిగి అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది.

దగ్గరలోని క్లినిక్‌లో ఏడు కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చాక తండ్రికీ భార్యకూ మొత్తం చెప్పాడు. ఇంద్రజ విని, లేచి వెళ్ళి అతని చొక్కా రక్తం వదిలేదాకా ఉతికింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. భీమశంకరరావుకు మింగుడుపడలేదు. ఆయన గదిలో అటూ ఇటూ తిరిగి, "ఊ అంటే సరిపోయేది కదరా, నిజం చెప్పకపోతే ఏం పోయింది" అన్నాడు. ఆ దొంగ వెధవ కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా అన్నాడు. పోతే పోనివ్వండి నాన్నగారూ అన్నాడు నాగవంశీ. ఆయన ఆ తర్వాత వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. కాలనీలో కథ చెప్పడం మాత్రం ఆ సాయంత్రం నుంచే మానేశాడు.

వాంగ్మూలం రోజున నాగవంశీ మూడు పేజీలు రాశాడు. తుపాకీ ఎటు పడిందో, చేతులు ఎంత ఎత్తున ఉన్నాయో, ఎన్ని దెబ్బలు కొట్టాడో, ముసలివాడి భుజం మీద పడిన దెబ్బతో సహా రాశాడు. లెఫ్టినెంట్ రాఠోడ్‌కు తాను అబద్ధం చెప్పానని రాశాడు. కారణం అని ఉన్న చోట, కోపం వచ్చింది అని రెండు మాటలు రాసి ఊరుకున్నాడు. గోపి పేరు మొదటి పేజీలో, అతను ఎలా చనిపోయాడో చెప్పిన చోట మాత్రమే ఉంది.

విచారణ జరిగింది. అతని ర్యాంకు తగ్గించారు, ఓడల మీదికి ఎక్కే జట్టులోంచి తీసేశారు, మెడల్‌కు పంపిన పేరు వెనక్కి తెప్పించారు. రాఠోడ్ ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడి, నువ్వు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. గదిలో గోపి మంచం ఇంకొకరికిచ్చారు. నాగవంశీ ఉన్న చోట మాటలు తగ్గిపోయేవి. ఒకడు మాత్రం అతని చొక్కా మీద తగ్గిన ర్యాంకు గుర్తుకేసి చూస్తూ, దొంగలకు చుట్టం అని వినబడేలా అన్నాడు. నాగవంశీ వాడి మీదికి లేచాడు. పిడికిలి బిగిసింది, చెయ్యి వెనక్కి పోయింది. వాడు భయంతో అరచేతులు పైకెత్తాడు. నాగవంశీ చెయ్యి దించి బయటికి నడిచాడు.

మరుసటి వేసవిలో బొంబాయి కోర్టుకు సాక్ష్యానికి పిలిచారు. అబ్ది బోనులో కూర్చున్నాడు. దవడ వంకరగా అతుక్కుంది, పెదవి ఒక పక్కకు దిగింది. కచ్ఛ్ నుంచి జుసబ్ కూడా వచ్చాడు. అబ్ది చేతులెత్తినప్పుడు ఏ స్థితిలో ఉన్నాడని లాయరు అడిగితే, నిరాయుధుడిగా ఉన్నాడని నాగవంశీ చెప్పాడు. ఎవరు కొట్టారని అడిగితే నేనే అన్నాడు. దుబాసీ ఆ మాటను అబ్దికి వాళ్ళ భాషలో చెప్పాడు. అబ్ది తలెత్తలేదు. చెప్పింది తప్పేమోనని సరిచూసుకున్నట్టు దుబాసీని ఇంకోసారి అడిగాడు. అంతే. మిగతా ఇద్దరికీ పద్నాలుగేళ్ళు పడ్డాయి, అతనికి ఏడు.

తిరిగొచ్చిన వారానికి నాగవంశీ కొత్త గాజువాక దగ్గర షేర్ ఆటో ఎక్కితే లోపల గురునాథరావు కూర్చుని ఉన్నాడు. దిగిపోదామనుకున్నాడు గాని ఆటో అప్పటికే కదిలింది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చున్నారు. ముసలాయన అతని కనుబొమ మీది మచ్చకేసి చూసి చూపు తిప్పుకున్నాడు. మూడు స్టాపులు దాటాక అడిగాడు.

"కోర్టుకెళ్ళొచ్చేవంట."

"ఎల్లేను మావయ్యా."

"ఆడికేటి పడింది?"

"ఏడేళ్ళు."

"నువ్వు సెప్పినందుకేనా తగ్గింది?"

"ఆ ఓడ వంటోడూ నానూ సెప్పేము."

గురునాథరావు దవడ కండరాలు కదిలాయి. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాడు నాగవంశీ. కొట్టినా తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆయన స్టాపు వచ్చింది. కమ్మీ పట్టుకుని కష్టంగా దిగి, ఆటో వైపు తిరక్కుండానే అన్నాడు.

"దనశ్రీ నిన్ను అడుగుతంది. వాళ్ళ నాన్న గురించి సెప్పమంటంది. మాకు తెలిసినయ్యన్నీ అయిపోనాయి. ఆదోరం రా. నాను ఇంట్లో ఉండను."

ఎండలో, భుజం మీది తువ్వాలు నెత్తి మీద వేసుకుని, సందులోకి నడిచి వెళ్ళిపోయాడు.